ట్యూబ్ ఆంప్లిఫైయర్‌లో హెచ్‌టీ ఎక్కువొస్తోందా? ముందు ఫిలమెంట్ కొలవండి

ఈఎల్84 అవుట్‌పుట్ ట్యూబుల జతతో ఇంట్లో కట్టుకున్న సెట్టులో హెచ్‌టీ (ట్యూబు ప్లేట్లకి వెళ్లే హై టెన్షన్ డీసీ) 310 వోల్టులు రావాల్సిన చోట 390 కనిపిస్తే, చాలామంది వెంటనే ఓ పెద్ద రెసిస్టర్ సిరీస్‌లో వేసేస్తారు. ఆ ఎక్కువ ఎటునుంచి వస్తోందో తేలకుండా అలా వేయకండి. ట్యూబులన్నీ పెట్టి, వేడెక్కాక, ఈఎల్84 సాకెట్ 4, 5 పిన్నుల మధ్య, అంటే ట్యూబుని వేడిచేసే ఫిలమెంట్‌కి వచ్చే ఏసీ కొలవండి. 6.3 దగ్గరుంటే సరిచేయాల్సింది హెచ్‌టీ ఒక్కటే. 6.9 దాటితే ఇంటికొచ్చే వోల్టేజీయే ఎక్కువ. అప్పుడు హెచ్‌టీని ఎంత దించినా ఫిలమెంట్ వేడికే ట్యూబు ఆయుష్షు తరిగిపోతుంది.

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు తిరిగేటప్పుడు ఒక వోల్టేజీ, ఆపాక ఇంకోటి. అందుకే రెండు వేళల్లోనూ ప్లగ్గు దగ్గర కొలిచి, ఎక్కువ ఉన్నదాన్నే లెక్కకు తీసుకోండి. 220 వోల్టుల ప్రైమరీ ఉన్న పాత ట్రాన్స్‌ఫార్మర్‌కి 250 ఇస్తే ఫిలమెంట్‌కి 7.1 పైనే వస్తుంది. హెచ్‌టీ ఇచ్చే 250-0-250 సెకండరీ 284 అవుతుంది.

దీనికి మందు, మెయిన్స్ వోల్టేజీని కాస్త దించే 12-0-12, 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్. దాని ప్రైమరీని మెయిన్స్‌కి కలపండి. సెకండరీ చివరి వైర్లు రెండింటినీ ఆంప్లిఫైయర్‌కి వెళ్లే ఫేజ్ వైరులో సిరీస్‌గా పెట్టండి. మధ్య ట్యాప్‌ని స్లీవ్ వేసి వదిలేయండి. ఆంప్లిఫైయర్ కలిపే ముందు 60 వాట్ల బల్బు పెట్టి కొలవాలి. 250 కాస్తా 224 దగ్గరకి దిగితే సరే. 276కి ఎక్కిందంటే సెకండరీ వైర్లు తిరగబడ్డాయి, ఆ రెండింటినీ మార్చండి. 24 వోల్టులదే కదా అని ఆ సెకండరీని ముట్టుకోవద్దు, ఇప్పుడు అది మెయిన్స్‌తో సమానం. మూత ఉన్న పెట్టెలో బిగించి, ముందు 1 ఆంపియర్ ఫ్యూజు వేయండి. ఫిలమెంట్ 6.4కి, హెచ్‌టీ 345 చుట్టుపక్కలకి వస్తాయి.

మిగిలిన 35 వోల్టులకే రెసిస్టర్. ఈఎల్84 జత, ముందున్న 12ఏఎక్స్7 ప్రీఆంప్ ట్యూబు కలిపి సుమారు 90 మిల్లీ ఆంపియర్లు లాగుతాయి. 35ని 0.09తో భాగిస్తే 390 ఓములు, కాలేది 3.2 వాట్లు, వేయాల్సింది 10 వాట్ల వైర్‌వౌండ్. వోల్టేజీ దిగితే ట్యూబులు లాగే కరెంటూ కాస్త తగ్గుతుంది కాబట్టి అనుకున్నంత దిగదు. చాలకపోతే 470 పెట్టండి. దీని చోటు మొదటి, రెండో ఫిల్టర్ కెపాసిటర్ల మధ్య. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్‌ని రెండో కెపాసిటర్ నుంచి తీసుకోండి, హమ్ (స్పీకర్లో గుంయ్‌మనే చప్పుడు) కూడా తగ్గుతుంది. మొదటి కెపాసిటర్‌కి ముందు పెడితే కరెంటు పోట్లుపోట్లుగా వెళ్తుంది, అదే రెసిస్టర్ ఇంకా ఎక్కువ కాలుతుంది. బోర్డుకి సెంటీమీటరు ఎత్తులో, కెపాసిటర్లకి దూరంగా బిగించండి.

స్విచ్ వేసిన మొదటి క్షణాల్లో ట్యూబులు చల్లగా ఉంటాయి, కరెంటు లాగవు. డయోడ్ల రెక్టిఫయర్ అయితే అప్పుడు రెసిస్టర్ దాదాపు ఏమీ దించదు, పూర్తి వోల్టేజీ రెండో కెపాసిటర్ మీదా పడుతుంది. 350 వోల్టులది అక్కడ పేలిపోవచ్చు. రెండూ 450 వోల్టులవే ఉండాలి.

ట్రాన్స్‌ఫార్మర్‌లో 6.3 వోల్టుల వైండింగ్‌కి ఇంకో ఆంపియర్ ఇచ్చే సత్తా ఉంటే డయోడ్ల బదులు ఈజెడ్81 రెక్టిఫయర్ ట్యూబు వేయొచ్చు. పదిహేను, ఇరవై వోల్టులు దానంతటదే మింగుతుంది, హెచ్‌టీ మెల్లగా ఎక్కుతుంది.

చెయ్యి పెట్టే ప్రతిసారీ ప్లగ్గు పీకండి. ఫిల్టర్ కెపాసిటర్‌లో నిలిచిన చార్జి దిగిపోవడానికి దానికి అడ్డంగా 220 కిలో ఓములు, 2 వాట్ల రెసిస్టర్ శాశ్వతంగా ఉండాలి. మూడు నిమిషాలాగి, మీటరు 10 వోల్టుల లోపు చూపించాకే ముట్టుకోండి.

చివరగా రెండు ట్యూబులకీ ఉమ్మడిగా ఉన్న 130 ఓముల కాథోడ్ రెసిస్టర్ మీద కొలవండి. 10.4 వోల్టులుంటే మొత్తం 80 మిల్లీ ఆంపియర్లు, ఒక్కోదానికి 40. ప్లేటుకీ కాథోడ్‌కీ మధ్య 290 ఉంటే స్క్రీన్ కరెంటుతో కలిపి 11.6 వాట్లు. ప్లేటు పరిమితి 12. అది దాటితే 130 తీసి 150 వేయండి.