మిగ్ వెల్డింగుకు ఏ గ్యాస్ సిలిండరు తెచ్చుకోవాలి?

నెల్లూరు ఆటోనగర్‌లో మిగ్ వెల్డింగు (గన్నులోంచి తీగ దానంతటదే వస్తూ, కరిగి లోహాన్ని అతికే పద్ధతి) అంటే కొందరు ఒక్క క్షణం ఆలోచిస్తారు. ‘సీఓటూ వెల్డింగు’ అంటే వెంటనే అర్థమవుతుంది. కార్బన్ డయాక్సైడ్ అనే ఆ గ్యాసు పేరే పనికి పేరైపోయింది. అందుకేనేమో, ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న 200 యాంపుల మిషను పెట్టుకున్నవాళ్లు ఏ లోహానికైనా ఆ ఒక్క సిలిండరే చాలనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలున్న మా బావమరిది నీళ్లలో గాలి కలిపే ఏరియేటరుకు స్టీలు ఫ్రేము కావాలంటే, మిషనుకు తగిలించి ఉన్న సీఓటూతోనే అతికిచ్చాను. ఇచ్చిన రోజు తళతళలాడింది. వానలు వెలిసేసరికి అతుకు పొడవునా తుప్పు గీత పడింది. “బావా, ఇది స్టీలేనా, ఇనుముకు పాలిష్ పట్టించావా?” అన్నాడు. స్టీలు స్టీలే. గ్యాసే తప్పు.

గ్యాసుకు ఉన్న అసలు పని ఒకటే, కరిగిన లోహానికి గాలి తగలనీయకపోవడం. గాలిలో 78 శాతం నత్రజని, 21 శాతం ఆక్సిజన్. కరిగిన ఇనుము వీటిని పీల్చుకుని, గట్టిపడేటప్పుడు బయటికి నెడుతుంది. అతుకులో కనబడే సూదిబెజ్జాలు అలా వచ్చినవే. ఆర్గాన్ ఏ లోహంతోనూ కలవదు, పక్కన నిలబడి కాపలా కాస్తుంది. సీఓటూ అలా కాదు, వంటలో చెయ్యి పెడుతుంది. ఆర్క్ (తీగ చివర వెలిగే కరెంటు మంట) వేడికి అది విడిపోయి కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ వస్తాయి. ఆ ఆక్సిజన్‌ను తట్టుకునే లోహమా కాదా అన్నదాన్ని బట్టే గ్యాసు ఎంచుకోవాలి.

1. ముందు లోహం ఏదో తేల్చుకోండి

అయస్కాంతం అంటుకుంటే ఇనుమనుకోండి. అంటుకోకుండా బరువుగా ఉంటే 304 రకం లాంటి స్టెయిన్‌లెస్ (మనం స్టీలు అనేది) కావచ్చు, చేతికి తేలిగ్గా ఉంటే అల్యూమినియం. 430 లాంటి కొన్ని స్టెయిన్‌లెస్ రకాలకు కూడా అయస్కాంతం అంటుకుంటుంది కాబట్టి పాత సామాను దుకాణంలో కొన్న ముక్కల విషయంలో కాస్త జాగ్రత్త. ఏడాదిలో మీరు చేసే పనుల్లో దేని వాటా ఎక్కువో లెక్క వేసుకోండి. గేటు, కిటికీ గ్రిల్లు, ట్రాలీ రిపేరు, పశువుల కొట్టం గొట్టాలు, ఇవే అయితే మీకు కింద ఇనుముకు చెప్పిన సిలిండరు ఒక్కటి చాలు.

2. ఇనుముకు

ఇక్కడ రెండు దారులు. మొదటిది పూర్తి సీఓటూ. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, లోతుగా దిగుతుంది. విడిపోయిన ఆక్సిజన్ సంగతి తీగే చూసుకుంటుంది. ఈఆర్70ఎస్-6 అనే మామూలు రాగిపూత తీగలో మాంగనీసు, సిలికాన్ ఎక్కువ పాళ్లలో కలిపేది అందుకే. సీఓటూతో వచ్చే చిక్కు చిటపటలు. అతుకు చుట్టూ ఇనుప గింజలు అంటుకుపోతాయి, గ్రైండరుతో గీకే పని పెరుగుతుంది.

రెండోది మిక్స్ గ్యాసు. 80 పాళ్లు ఆర్గాన్, 20 పాళ్లు సీఓటూ. 75-25 పాళ్ల మిక్స్ కూడా ఇదే పని చేస్తుంది. ఆర్క్ నెమ్మదిగా, వెన్న పూసినట్టు సాగుతుంది. 1.5 మిల్లీమీటర్ల పలచటి చదరపు గొట్టాలు చిల్లు పడకుండా అతకాలంటే ఇదే సుఖం. నన్నడిగితే 3 మిల్లీమీటర్లు దాటిన యాంగ్లరు (L ఆకారపు ఇనుప బద్ద), ప్లేటు పనికి సీఓటూ, పలచటి గొట్టాలకూ రేకుకూ మిక్స్. కొత్తగా నేర్చుకునేవారికి మాత్రం, ఖర్చు ఎక్కువైనా, మిక్సే ఇవ్వాలి. చిటపటల గోలలో అతుకు ఎలా పడుతోందో కంటికి ఆనదు.

ఒక గ్యాసు నుంచి ఇంకోదానికి మారితే సెట్టింగు కూడా మార్చాలి. అదే తీగ వేగానికి మిక్స్ కంటే సీఓటూకు ఒకటి రెండు వోల్టులు ఎక్కువ కావాలి. ఇది తెలియక చాలామంది గ్యాసును తిడతారు.

ఇక ఇనుముకు వట్టి ఆర్గాన్ పనికిరాదు. ఆర్క్ నిలకడగా ఉండదు, అతుకు పైన తాడులా ఉబ్బి కూర్చుంటుంది, లోపలికి దిగదు. ఖరీదైన గ్యాసు కదా, మంచిదే అయుంటుందనుకోవద్దు.

3. స్టెయిన్‌లెస్‌కు

స్టీలుకు తుప్పు పట్టకుండా కాపాడేది అందులోని క్రోమియం. సీఓటూ ఎక్కువైతే ఆ క్రోమియం కాలుతుంది, పైగా అతుకులోకి కార్బన్ చేరి మిగిలిన క్రోమియంను పట్టేసుకుంటుంది. నా ఏరియేటరు ఫ్రేముకు జరిగింది అదే. 80-20 మిక్స్‌తో కూడా ఇదే సమస్య, కాస్త తక్కువగా.

98 శాతం ఆర్గాన్, 2 శాతం సీఓటూ ఉన్న మిక్స్ తీసుకోండి. ఇది దుకాణంలో ఎప్పుడూ సిద్ధంగా ఉండే సరుకు కాకపోవచ్చు, ముందే చెప్పి ఉంచండి. హీలియం ఎక్కువగా ఉండే మూడు గ్యాసుల మిక్స్ ఒకటుంది, బాగా పనిచేస్తుంది కూడా. కానీ మన దేశానికి హీలియం బయటి నుంచే రావాలి, ఇంటి పనికి అంత ఖర్చు దండగ. తీగ విషయానికొస్తే 304కు 308ఎల్, 316కు 316ఎల్, స్టీలును ఇనుముకు అతకాలంటే 309ఎల్. గుంటల్లో ఉప్పునీళ్లు కాబట్టి అక్కడి సామానుకు అసలు రేకే 316 కొనుక్కోవడం మేలు. 304 అయితే ఎంత మంచి గ్యాసు పెట్టినా ఉప్పుకు బెజ్జాలు పడుతుంది.

4. అల్యూమినియంకు

దీనికి వట్టి ఆర్గానే. ఒక్క శాతం సీఓటూ కలిసినా నల్లటి మసి, బెజ్జాలు. పాల క్యాను చెవి అతకాలని మిక్స్ సిలిండరుతో కూర్చుంటే సాయంత్రానికి మసి తుడుచుకోవడమే మిగులుతుంది.

గ్యాసు ఒక్కటే చాలదు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీది ఆక్సైడు పొరకు మాత్రం 2000 డిగ్రీలు దాటాలి. కాబట్టి ముందు అసిటోన్‌తో జిడ్డు తుడిచి, అది ఆరాక, అల్యూమినియంకే కేటాయించిన స్టీలు బ్రష్షుతో రుద్దండి. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. ఆర్క్ వెలుగుకు అది ఫాస్జీన్ అనే విషవాయువవుతుంది. తీగ మెత్తన, గన్ను దాకా పోకుండానే మడతపడుతుంది, తీగ చుట్ట గన్ను మీదే ఉండే స్పూల్ గన్ ఉంటే ఆ బాధ తప్పుతుంది. పలచటి క్యానుకు మిగ్ కంటే, తీగను చేత్తో అందించే టిగ్ వెల్డింగు మేలు.

5. జీఐ (జింకు పూత పూసిన ఇనుము) రేకు, గొట్టాలు

ఇనుముకు వాడిన గ్యాసే. అతికే చోట జింకు పూత గీకేయండి. జింకు పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది.

6. దుకాణంలో చూసుకోవాల్సినవి

సిలిండరు రంగు చూసి తెచ్చుకోవద్దు, లేబుల్ చదవండి. మెడ మీద కొట్టిన పరీక్ష తేదీ చూడండి. రెగ్యులేటరు (సిలిండరు పీడనాన్ని తగ్గించి గ్యాసు వదిలే పరికరం) ఆ గ్యాసుకు తగినదే కొనండి. సీఓటూ బయటికొచ్చేటప్పుడు బాగా చల్లబడుతుంది, ఆపకుండా చేసే పనిలో రెగ్యులేటరు మంచుకడుతుంది. అందుకే దానికి హీటరున్నది వాడతారు.

ఆర్గాన్ సిలిండరుకైతే పీడనం మీటరు ముల్లు చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది. 7 ఘనపు మీటర్ల సిలిండరు నిమిషానికి 12 లీటర్ల చొప్పున వాడితే, ఆర్క్ వెలిగి ఉన్న సమయమే తొమ్మిదిన్నర గంటలకు పైనే. సీఓటూ అలా కాదు. లోపల ద్రవంగా ఉంటుంది, ద్రవం ఉన్నంతసేపూ ముల్లు కదలదు. పైగా 31 డిగ్రీలు దాటితే ఆ ద్రవం ద్రవంగా ఉండదు, ఎండకు పీడనం పెరుగుతుంది. మన మే నెల ఎండలో ముల్లు చూపించేది ఎండను, గ్యాసును కాదు. కాటా మీద పెట్టి, సిలిండరు మీద కొట్టిన ఖాళీ బరువు తీసేస్తే అసలు లెక్క తేలుతుంది. ఎప్పుడూ నీడలో, నిలబెట్టి, గొలుసు కట్టి ఉంచండి. పడుకోబెడితే ద్రవమే గొట్టంలోకి వస్తుంది. మూసిన కారులో సిలిండరు తేవద్దు.

7. గ్యాసు తగ్గించి, గాలి ఆపి, తుక్కు ముక్క మీద చూసుకోండి

షెడ్డులో ఇనుముకు నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు చాలు, అల్యూమినియంకు 15 నుంచి 20. ఎక్కువ వదిలితే ఎక్కువ కాపలా అనుకుంటాం గానీ, వేగంగా వచ్చిన గ్యాసు సుడి తిరిగి చుట్టూ ఉన్న గాలినే లోపలికి లాగుతుంది. గంటకు 8 కిలోమీటర్ల గాలి వీచినా గ్యాసు కొట్టుకుపోతుంది. కొత్తపట్నంలోనో రామాయపట్నంలోనో సముద్రపు గాలి మొదలయ్యాక ఆరుబయట మిగ్ పట్టడం వృథా ప్రయాస. రేకు అడ్డం పెట్టుకోండి. తాటాకు తడిక పెడితే వెల్డింగు సంగతి సరే, తడిక ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఆరుబయటే చేయక తప్పకపోతే గ్యాసు అక్కరలేని, లోపల పొడి నింపిన ఫ్లక్స్ తీగ తెచ్చుకోండి. చాలా రకాలకు గన్ను నెగటివ్‌కు మార్చాలి, తీగ చుట్ట మీద చదువుకోండి.

గుంతలో, ట్యాంకులో కూర్చుని చేయవద్దు. ఆర్గాన్, సీఓటూ రెండూ గాలికంటే బరువు, అడుగున నిలిచి ఊపిరాడనివ్వవు, వాసన కూడా ఉండదు.

అసలు పనికి ముందు అదే మందం తుక్కు ముక్క మీద అంగుళం రెండంగుళాలు అతికి, కోసి చూడండి. బెజ్జాలుంటే గ్యాసు మార్చకముందు వరసగా చూసుకోవాల్సినవి: వాల్వు తెరిచారా, నాజిల్‌లో గింజలు పేరుకున్నాయా, గొట్టం ఎక్కడైనా చీలిందా, ఫ్యాను మీ వైపు తిరిగి ఉందా. నా షెడ్డులో నాలుగోదే ఎక్కువసార్లు దొంగ. పనయ్యాక సిలిండరు వాల్వు మూసి, గన్ను నొక్కి గొట్టంలో మిగిలింది వదిలేయండి. రెగ్యులేటరొక్కటే మూసి పడుకుంటే, కనబడని లీకులోంచి తెల్లారేసరికి సిలిండరు సగమైనా ఆశ్చర్యం లేదు.