సీలియాక్ ఉంటే ఇంగువ డబ్బా ఒకసారి తిప్పి చూడండి

సీలియాక్ (గోధుమల్లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగులు దెబ్బతినే జబ్బు) ఉండి, చపాతీ, బ్రెడ్డు, ఉప్మా అన్నీ ఆపేశాం, అయినా కడుపు ఉబ్బరం పోవట్లేదు అనేవాళ్లు ముందు వంటింట్లో ఇంగువ డబ్బా వెనకవైపు చదవండి. మనం కొనే ఇంగువ పొడి అచ్చమైన ఇంగువ కాదు, అందులో చాలావరకు పిండీ, జిగురూ ఉంటాయి, చాలా బ్రాండ్లలో ఆ పిండి గోధుమపిండి లేదా మైదా. చిటికెడే కదా అనుకోకండి, గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర వేయాలంటే గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో రూలు. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది, లేదంటే పోపులో వెల్లుల్లి వేసుకుంటే సరి.

ఇల్లు మన చేతిలో ఉంటుంది, తిప్పలన్నీ బయటే. బెంగళూరు దర్శినిల్లో (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటళ్లలో) మామూలు ఇడ్లీకి భయం లేదు (రవ్వ ఇడ్లీ వద్దు, అది గోధుమ రవ్వ), కానీ సాంబారులో, చట్నీ పోపులో ఇంగువ పడుతుంది, అందుకే చిన్న సీసాలో ఇంటి కారప్పొడి, కాస్త నెయ్యి వెంట ఉంచుకోండి. దోశ అయితే ముందు పెనం చూడండి, రవ్వ దోశ తీసిన పెనం మీదే నీళ్లు చల్లి చీపురుతో ఒక్క ఊడ్పు ఊడ్చి మీది వేస్తారు. వడ కూడా మైదా గోళీబజ్జీలు వేగిన నూనెలోదే.

గ్లూటెన్ ఉందా అని అడిగితే కౌంటర్ అతను బిత్తరపోతాడు. కన్నడంలో 'గోధి, మైదా, రవె హాకిద్దీరా?' (గోధుమ, మైదా, రవ్వ వేశారా?) అనండి, టక్కున చెప్తారు. ఫిల్టర్ కాఫీ మాత్రం నిశ్చింతగా తాగొచ్చు, చికోరీ గోధుమ జాతి కాదు.