సీరియల్ డ్రైవర్ ప్యాచ్‌లో లాక్, పిన్ మార్పులు: సమస్య - పరిష్కారం

లినక్స్ కెర్నల్‌లో సీరియల్ పోర్ట్‌ని నడిపే డ్రైవర్‌కి వచ్చిన ప్యాచ్ (కోడ్ మార్పు) లాక్‌నీ పిన్‌లనీ రెండింటినీ కదిలిస్తుంటే వాటిని విడివిడిగా చదవకండి. పోర్ట్ లాక్ ఒక స్పిన్‌లాక్, అంటే దొరికేదాకా నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే లాక్. అది చేతిలో ఉన్నంతసేపు నిద్రపోయే పని ఏదీ చేయకూడదు. పిన్ స్టేట్ (చిప్ పిన్‌లు ఏ పనికి, ఎలా అమర్చి ఉన్నాయన్నది) మార్చే ‘పిన్‌కంట్రోల్ సెలెక్ట్ స్టేట్’ ఫంక్షన్‌ని అలాంటి చోట నుంచి పిలవొద్దని కెర్నల్ డాక్యుమెంటేషనే చెబుతోంది. కింది తిప్పల్లో పెద్దది ఇక్కడి నుంచే పుడుతుంది.

సమస్య: ఫ్లో కంట్రోల్ మార్చగానే లాగ్‌లో హెచ్చరిక

ఎస్‌టీటీవై కమాండ్‌తో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (‘పంపు’, ‘ఆగు’ అని పిన్‌లతోనే చెప్పే పద్ధతి) ఆన్ చేస్తే పోర్ట్ బాగానే పనిచేస్తుంది. లాగ్‌లో మాత్రం ‘స్లీపింగ్ ఫంక్షన్ కాల్డ్ ఫ్రమ్ ఇన్‌వాలిడ్ కాంటెక్స్ట్’ అని పడుతుంది.

కారణం: పోర్ట్ వేగం, ఫ్లో కంట్రోల్ లాంటి సెట్టింగ్‌లు మార్చే సెట్ టెర్మియోస్ ఫంక్షన్ మొదట్లోనే పోర్ట్ లాక్ తీసుకుని, చివరిదాకా వదలకుండా, మధ్యలో పిన్ స్టేట్ మారుస్తోంది. ఎస్‌టీ కంపెనీ చిప్‌ల సీరియల్ పోర్ట్‌ని నడిపే ఎస్‌టీ ఏఎస్‌సీ డ్రైవర్‌నే చూడండి. దానికి రెండు పిన్ స్టేట్లు ఉంటాయి. డిఫాల్ట్ స్టేట్‌లో ఆర్‌టీఎస్ పిన్‌ని (‘నాకు పంపొచ్చు’ అని అవతలికి చెప్పేది) యూఆర్టే (సీరియల్ పోర్ట్ హార్డ్‌వేరే) నడుపుతుంది. ‘నో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్’ స్టేట్‌లో అదే పిన్‌ని జీపీఐఓగా (సాఫ్ట్‌వేర్ నేరుగా నడిపే మామూలు పిన్‌గా) డ్రైవర్ నడుపుతుంది. అంటే ఫ్లో కంట్రోల్ మారిన ప్రతిసారీ పిన్ స్టేట్ మార్చాలి, జీపీఐఓని తీసుకోవాలి లేదా వదిలేయాలి. ఇవన్నీ నిద్రపోగల పనులే.

పరిష్కారం: పిన్ పనిని లాక్ బయటికి తేవాలి. సెట్ టెర్మియోస్‌ని పిలిచేటప్పుడు సీరియల్ కోర్ (అన్ని సీరియల్ డ్రైవర్లకీ ఉమ్మడి కోడ్) పోర్ట్ మ్యూటెక్స్ (నిద్రపోగల లాక్) పట్టుకునే ఉంటుంది, కాబట్టి ఇద్దరు ఒకేసారి టెర్మియోస్ మార్చడం అనే భయం లేదు. డిజైన్‌వేర్ 8250 డ్రైవర్ క్లాక్ రేటు మార్చేది కూడా ఇక్కడే, స్పిన్‌లాక్ బయటే.

అయితే ఆ లైన్లను లాక్ వదిలిన తర్వాతికి జరిపి ‘ఫిక్స్ అయింది’ అన్న ప్యాచ్‌ని అంతటితో ఒప్పుకోకండి. ఆర్‌టీఎస్ లాంటి మోడెమ్ లైన్లను మార్చే సెట్ ఎంకంట్రోల్ పిలుపు వేరే దారిలో మధ్యలోనే రావచ్చు. అది పోర్ట్ లాక్ పట్టుకునే వస్తుంది, మ్యూటెక్స్ కోసం ఆగదు. వచ్చి ఆర్‌టీఎస్ జీపీఐఓ పాయింటర్‌ని వాడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో మనం లాక్ లేకుండా జీపీఐఓని వదిలేస్తుంటే, విడుదలైపోయిన డిస్క్రిప్టర్‌ మీద రాత పడుతుంది. హెచ్చరిక పోయి క్రాష్ వచ్చినట్టే.

అందుకే వరుస ముఖ్యం. ఫ్లో కంట్రోల్ ఆన్ చేసేటప్పుడు లాక్ లోపల పాయింటర్‌ని లోకల్ వేరియబుల్‌లోకి తీసుకుని అసలు చోట నల్ (ఖాళీ పాయింటర్) పెట్టాలి. లాక్ వదిలాక జీపీఐఓ విడుదల చేసి, పిన్ స్టేట్ మార్చాలి. మళ్లీ లాక్ తీసుకుని కంట్రోల్ రిజిస్టర్‌లో సీటీఎస్ (అవతలి వైపు ఇచ్చే ‘పంపు’ సంకేతం) బిట్ పెట్టాలి. ఆఫ్ చేసేటప్పుడు ముందు లాక్ లోపల ఆ బిట్ తీసేయాలి, లాక్ వదిలి పిన్ స్టేట్ మార్చి జీపీఐఓ తీసుకోవాలి, చివర్లో లాక్ లోపల పాయింటర్‌ని పెట్టాలి. అదే లాక్ కింద పోర్ట్‌లో దాచి ఉన్న ఎంకంట్రోల్ విలువ చూసి ఆర్‌టీఎస్‌ని మళ్లీ రాయాలి. మధ్యలో వచ్చిన సెట్ ఎంకంట్రోల్ పిలుపు నల్ చూసి ఊరికే వెళ్లిపోయి ఉండొచ్చు కదా. ఈ ఆఖరి అడుగుని చాలామంది మర్చిపోతారు, అవతలి మోడెమ్ ఎందుకు ఆగిపోయిందో ఎవరికీ అంతుపట్టదు.

హెచ్చరిక రాలేదంటే తప్పు లేదని కాదు. ‘డీబగ్ అటామిక్ స్లీప్’, ‘ప్రూవ్ లాకింగ్’ అనే తనిఖీ ఆప్షన్లు ఆన్ చేసిన కెర్నల్ మీద నడిపారా అని అడగండి. ప్రీఎంప్ట్ ఆర్‌టీ (రియల్ టైమ్) కెర్నల్‌లో ఈ స్పిన్‌లాక్ తానే నిద్రపోగల లాక్ అవుతుంది కాబట్టి అక్కడ ఈ తప్పు బయటపడదు. మామూలు కెర్నల్ మీద కూడా చూడాల్సిందే.

సమస్య: బాడ్ రేటు మార్చేటప్పుడు అక్షరాలు పోతున్నాయి

115200 దగ్గర ఒక్కో అక్షరానికి 10 బిట్లు, అంటే సుమారు 87 మైక్రోసెకన్లు. 16 బైట్ల ఫైఫో (బైట్లు వరుసలో ఆగే చిన్న బఫర్) దాదాపు 1.4 మిల్లీసెకన్లలో నిండిపోతుంది. ట్రాన్స్‌మిటర్ ఖాళీ అయ్యేదాకా లాక్ పట్టుకుని, ఇంటరప్ట్‌లు ఆపి తిరిగే లూప్‌కి అంత సమయం సులువుగా పడుతుంది. ఫైఫో నిండాక వచ్చినవన్నీ ఓవర్‌రన్, అంటే పోయినట్టే. ఆ ఎదురుచూపుని లాక్ బయటికి తేవాలి, దానికి గడువు కూడా పెట్టాలి.

సమస్య: కన్సోల్ పోర్ట్ బిగుసుకుపోతోంది

లాక్ లోపల కొత్తగా ఏదైనా ప్రింట్ చేర్చారేమో చూడండి. కెర్నల్ సందేశాలు వెళ్లేది కన్సోల్ పోర్ట్‌కే, కాబట్టి ఆ ప్రింట్ అదే పోర్ట్‌కి వెళ్లి, అదే లాక్ కోసం ఆగుతుంది. సందేశాన్ని లాక్ వదిలాక ఇవ్వాలి. 6.7 కెర్నల్ నుంచి పోర్ట్ లాక్‌కి ప్రత్యేక రేపర్లు (లాక్ తీసుకుని, వదిలే ఫంక్షన్లు) ఉన్నాయి. కన్సోల్ లాకింగ్ కొత్త పద్ధతి వాటి మీదే ఆధారపడింది, కాబట్టి నేరుగా స్పిన్‌లాక్ తీసుకున్న కొత్త కోడ్‌ని మార్చమనండి.

సమస్య: సస్పెండ్ నుంచి లేవగానే అవతలికి చెత్త బైట్

టీఎక్స్ (పంపే) లైన్ ఖాళీగా ఉన్నప్పుడు పైనే ఉండాలి. స్లీప్ స్టేట్‌లో పుల్-అప్ (లైన్‌ని పైకి లాగి ఉంచే రెసిస్టర్) లేకపోతే అది కిందికి జారుతుంది, అవతలి వైపు దాన్ని స్టార్ట్ బిట్‌గానో బ్రేక్‌గానో చదువుతుంది. డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ని కెర్నల్‌కి వివరించే ఫైల్‌లో) పుల్-అప్ పెట్టాలి, లేచేటప్పుడు యూఆర్ట్ సిద్ధమయ్యాకే పిన్‌ని దానికి అప్పగించాలి. ప్రోబ్ (డ్రైవర్ పరికరాన్ని మొదట సిద్ధం చేసే దశ) సమయంలో ఇదే జరుగుతుంటే ‘ఇనిట్’ స్టేట్ వాడొచ్చు. అప్పుడు ప్రోబ్ నెగ్గాకే డ్రైవర్ కోర్ డిఫాల్ట్‌కి మారుస్తుంది.

సమస్య: కొత్త ప్యాచ్ వేశాక పాత బోర్డులో పోర్టే రావడం లేదు

పాత డివైస్ ట్రీలో ఆ రెండో పిన్ స్టేట్ ఉండదు. స్టేట్ వెతికే ఫంక్షన్ నల్ ఇవ్వదు, ఎర్రర్ పాయింటర్ ఇస్తుంది. నల్ మాత్రమే చూసే కోడ్ దాన్ని అలాగే వాడి క్రాష్ అవుతుంది, ఎర్రర్ చూసి ప్రోబే ఆపేస్తే పోర్ట్ పోతుంది. డిఫాల్ట్ కాని స్టేట్‌ని ఐచ్ఛికంగా ఉంచి, దొరకకపోతే పిన్‌లని ముట్టుకోకుండా పాత దారిలోనే నడవాలి.