దిగుమతి మాంసం పత్రాలు చదవడం – నాలుగో పాఠం: అట్టపెట్టె మీది నంబరు

కిందటి పాఠంలో శానిటరీ ఇంపోర్ట్ పర్మిట్ గురించి తెలుసుకున్నాం. 1898 నాటి పశువుల దిగుమతి చట్టం కింద కేంద్ర పశుసంవర్ధక శాఖ ఇచ్చే ఆ పర్మిట్ ముందుగానే చేతిలో ఉండాలి. ఈ పాఠంలో ఎగుమతి దేశపు అధికారులు జారీ చేసి, సరుకు వెంట పంపే పశువైద్య ఆరోగ్య ధ్రువపత్రాన్ని చదువుదాం.

చెన్నై రేవులో దిగి, అక్కడి జంతు క్వారంటైన్ కేంద్రం, కస్టమ్స్ తనిఖీలు దాటి, పదహారో నంబరు జాతీయ రహదారి మీదుగా విజయవాడ ఆటోనగర్‌లోని శీతల గిడ్డంగికి చేరిన న్యూజీలాండ్ గొర్రె మాంసాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పత్రాలు చేతికి రాగానే చాలామంది ముద్ర, సంతకం చూస్తారు. ఆ వరుస సరైనది కాదని నా నమ్మకం. ముద్రను నకలు చేయడం తేలిక, వేర్వేరు కాగితాల్లోని వివరాలను ఒకదానితో ఒకటి పొసగేలా కల్పించడం కష్టం. అందుకే అట్టపెట్టెతో మొదలుపెట్టండి.

ఒక పెట్టెను బయటికి తీసి, లేబుల్ మీద పేరుకున్న మంచును అరచేత్తో తుడవండి. మాంసం ఏ జంతువుదో, ఏ భాగమో, తయారీ తేదీ, నికర బరువు కనిపిస్తాయి. వాటి పక్కనే కర్మాగారానికి ఆ దేశపు అధికారులిచ్చిన గుర్తింపు నంబరు ఉంటుంది. అదే నంబరు ఆరోగ్య ధ్రువపత్రంలోనూ ఉండాలి. లేకపోతే, ముద్ర ఎంత స్పష్టంగా ఉన్నా ఆ పత్రం ఈ మాంసానిదని చెప్పలేం. అయితే వధశాల ఒకచోట, ముక్కలు కోసి ప్యాక్ చేసిన చోటు వేరొకటి అయి ఉండవచ్చు కాబట్టి, పత్రంలో రెండు నంబర్లు కనిపించగానే తప్పుపట్టకండి, మీ పెట్టె మీదిది వాటిలో ఉందో లేదో చూడండి. తయారీ తేదీ ధ్రువపత్రం తేదీ కంటే తర్వాతిదైతే మాత్రం అక్కడే ఆగాలి.

ఆ తర్వాత కంటైనర్ నంబరు: నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కకట్టి వేసేది కనుక, ఎక్కడైనా ఒక అంకె తప్పు పడితే చాలావరకు అదే పట్టిస్తుంది. కంటైనర్ తలుపుకు వేసే సీల్ మీది నంబరుకు అలాంటి రక్షణ లేదు. ఒకసారి ధ్రువపత్రంలోని సీల్ నంబరుకూ, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సంస్థ ఇచ్చే సరుకు రవాణా పత్రం)లోని నంబరుకూ మధ్య చివరి రెండంకెలు తారుమారై వచ్చాయి. టైపు పొరపాటేనని సరఫరాదారు పెన్నుతో దిద్ది ఇవ్వబోయారు. మేం ఒప్పుకోలేదు. పత్రం జారీ చేసిన అధికారి నుంచే సవరణ వచ్చేదాకా సరుకును వేరే గదిలో ఉంచాం. దిద్దే హక్కు జారీ చేసినవారిదే.

కాగితం చెప్పలేనిదీ ఒకటుంది: పెట్టెలో నిజంగా ఏ జంతువు మాంసం ఉందో. 2013 జనవరిలో ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ, గొడ్డుమాంసమని అమ్ముతున్న బర్గర్లలో గుర్రం డీఎన్ఏ ఉన్నట్టు బయటపెట్టింది. మాంసం ఏ జంతువుదో అనుమానం వస్తే నమూనాను డీఎన్ఏ పరీక్షకు పంపడమే మార్గం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) శాస్త్రవేత్తలు సైటోక్రోమ్ బీ జన్యువు ఆధారంగా జంతుజాతిని గుర్తించే పద్ధతిని రూపొందించారు.

అభ్యాసం: ప్యాకింగ్ లిస్ట్‌లో 640 పెట్టెలు, ధ్రువపత్రంలో నికర బరువు 12,480 కిలోలు. పెట్టెకు సగటున 19.5 కిలోలు రావాలి. మీ గిడ్డంగిలో పది పెట్టెల లేబుళ్ల మీది నికర బరువు రాసుకుని, సగటు ఎంతొచ్చిందో చూడండి. వచ్చే పాఠంలో గడువు తేదీ లెక్క.