ప్రెయిరీల్లో ఆర్వీ కాపురం: ఎక్కడ తేడా వస్తుంది, ఎలా సరిచేసుకోవాలి

ఏడాది పొడుగునా ఆర్వీలోనే, అంటే ఇల్లులా అమర్చిన బండిలోనే ఉంటూ, అమెరికా మధ్యలోని గడ్డి మైదానాల్లో (ప్రెయిరీల్లో) కాన్సస్, నెబ్రాస్కా, రెండు డకోటాల మీదుగా తిరిగేవాళ్ళకి ఎదురయ్యే సమస్యల్లో చాలా భాగం బండి లోపల పుట్టవు. గాలి, ఎండ, బావి నీళ్ళు, పాత కరెంటు లైన్లు, దూది, పురుగులు... అన్నీ బయటి నుంచి వచ్చేవే. కాబట్టి ఇక్కడ ఏది మొరాయించినా స్క్రూడ్రైవర్ తీసే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. దగ్గరలో మెకానిక్ దొరకడం కష్టం. వేసవిలో షాపుకి ఫోన్ చేస్తే వారాల తర్వాత డేట్ ఇస్తారు. మనంతట మనం చేసుకోగలిగినవే ఇక్కడ రాస్తున్నాను. ఎక్కడ చెయ్యి పెట్టకూడదో కూడా చెప్తాను.

మధ్యాహ్నం ఏసీ ఆగిపోతోంది, రాత్రి మాత్రం బాగానే నడుస్తోంది

ఏసీ పాడైందని చాలామంది కంగారు పడతారు. ముందు వోల్టేజీ చూడండి. ఈ వైపు చిన్న ఊళ్ళలో సిటీ పార్కులు, కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్లు తక్కువ అద్దెకి ఆర్వీలకి చోటు ఇస్తాయి. మంచి వసతే, కానీ వైరింగ్ పాతది. ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన మధ్యాహ్నం అందరూ ఒకేసారి ఏసీలు వేస్తే 120 ఉండాల్సిన వోల్టేజీ జారిపోతుంది. 105 కంటే దిగితే కంప్రెసర్ మీద భారం పడుతుంది. అలాగే నడుపుతూ పోతే అది కాలిపోతుంది.

గోడ సాకెట్‌లో పెట్టే చిన్న వోల్ట్‌మీటర్ కొద్ది డాలర్లే, దాన్ని ఎప్పుడూ పెట్టే ఉంచండి. సర్జ్ ప్రొటెక్టర్ ఒక్కటే సరిపోదు. వోల్టేజీ తగ్గినప్పుడు తనంతట తానే కరెంటు ఆపేసే ఈఎంఎస్ రకం కొనండి. బండి మీద పెట్టే ఖర్చుల్లో నేను మొదట పెట్టమనేది దీనికే.

వోల్టేజీ బాగానే ఉండి బ్రేకర్ పడిపోతుంటే అది లోడ్ లెక్క. 30 ఆంప్‌ల కనెక్షన్ ఇచ్చేది మొత్తం 3600 వాట్లు. ఏసీకి దాదాపు 1500, కరెంటు మీద పెట్టిన గీజర్‌కి 1400 పైన, ఇన్‌స్టంట్ పాట్‌కి 1000. ఈ మూడూ కలిస్తేనే పరిమితి దాటిపోయింది, ఇంకా మైక్రోవేవ్ లెక్కలోకే రాలేదు. గీజర్‌నీ ఫ్రిజ్‌నీ గ్యాస్ మీదకి మార్చి, వంట పొద్దున్నే కానిచ్చేయండి.

వోల్టేజీ, బ్రేకర్ రెండూ సరిగానే ఉండి గాలి మాత్రం చల్లగా రావడం లేదా? జూన్ నెల అయితే పైకెక్కి చూడాల్సిందే. కాటన్‌వుడ్ చెట్ల దూది కండెన్సర్ రెక్కల మీద దుప్పట్లా పేరుకుపోతుంది. నెబ్రాస్కా, కాన్సస్ రెండింటికీ అది రాష్ట్ర వృక్షం, క్యాంప్‌గ్రౌండ్ నీడ కూడా ఎక్కువగా దానిదే. కరెంటు ప్లగ్ పూర్తిగా తీసేసి, పై మూత విప్పి, మెత్తటి బ్రష్‌తో దూది తీసేయండి. ప్రెషర్ వాషర్ వాడితే రెక్కలు వంగిపోతాయి.

ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ గురించి ఒక్క మాట. 230 వోల్టులది ఇక్కడి కరెంటు మీద నీరసంగా తిరిగి వేడెక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ బరువు మోసే బదులు 110 వోల్టుల మోడల్ కొనుక్కోవడమే మేలు.

సిలిండర్ నిండా గ్యాస్ ఉంది, పొయ్యి మంట మాత్రం సన్నగా వస్తోంది

సిలిండర్ వాల్వ్ గబుక్కున తిప్పి ఉంటారు. గ్యాస్ ఒక్కసారిగా దూకితే ఎక్కడో గొట్టం తెగిందనుకుని లోపలున్న సేఫ్టీ పరికరం ప్రవాహాన్ని బిగించేస్తుంది. పొయ్యి, గీజర్, ఫర్నేస్ అన్నీ కట్టేసి, సిలిండర్ వాల్వ్ కూడా మూసి, కాసేపు ఆగి నెమ్మదిగా తెరవండి. సాధారణంగా అంతటితో సరిపోతుంది.

మంట నీలంగా కాకుండా పసుపుగా ఊగుతుంటే బర్నర్ గొట్టంలో సాలెగూడు ఉండొచ్చు. సిలిండర్‌లోని ప్రొపేన్ గ్యాస్‌కి కలిపే వాసన సాలీళ్ళనీ, మట్టి గూళ్ళు కట్టే కందిరీగలనీ ఆకర్షిస్తుందని ఆర్వీలవాళ్ళు అంటారు. గీజర్, ఫర్నేస్, ఫ్రిజ్ వెంట్‌లకి సన్నటి స్టీల్ జాలీలు బిగించండి. గ్యాస్ వాసన వస్తే మాత్రం వెతుకులాట వద్దు. బయటికి వచ్చి సిలిండర్ మూసి, ఆ పని తెలిసినవాళ్ళని పిలవండి.

ఫర్నేస్ ఫ్యాన్ తిరుగుతోంది, వేడి రావడం లేదు

కరెంటు కనెక్షన్ లేకుండా బయట ఆగిన రాత్రుల్లో ఇది మామూలే. ఫ్యాన్ బ్యాటరీ మీద తిరుగుతుంది. బ్యాటరీ నీరసిస్తే గాలి వేగం తగ్గుతుంది. తగినంత గాలి తగిలితేనే పడే స్విచ్ ఒకటి లోపల ఉంటుంది, అది పడకపోతే మంట వెలగదు. జనరేటర్ వేసి బ్యాటరీ ఎక్కించి మళ్ళీ చూడండి. అయినా వెలగకపోతే బయటి పొగ గొట్టంలో కందిరీగ గూడు ఉందేమో టార్చ్ వేసి చూడండి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికంటే కిందికి దింపితే దాని ఆయుష్షు తగ్గుతుంది, సాయంత్రమే లెక్క చూసుకోవాలి.

వేడినీళ్ళకి కుళ్ళిన గుడ్ల వాసన

చన్నీళ్ళకీ అదే వాసన ఉంటే బావిదే తప్పు, కార్బన్ ఫిల్టర్ పెట్టండి. వేడినీళ్ళకే ఉంటే గీజర్ సంగతి. ఇక్కడి భూగర్భజలంలో సల్ఫేట్లు ఎక్కువగా ఉండే చోట్లు చాలా ఉన్నాయి. వాటిని తినే బ్యాక్టీరియా స్టీల్ ట్యాంకుకి తుప్పు పట్టకుండా లోపల పెట్టే మెగ్నీషియం యానోడ్ కడ్డీతో కలిసి ఆ వాసన పుట్టిస్తుంది. గీజర్‌కి గ్యాస్, కరెంటు రెండూ ఆపి, నీళ్ళు పూర్తిగా చల్లారాక, పై వాల్వ్‌తో ఒత్తిడి తీసి, కడ్డీ విప్పి ట్యాంకు కడగండి. తెల్లటి సున్నపు రాళ్ళు బయటపడతాయి, ఉప్పునీళ్ళ ఊళ్ళో పెరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. కొత్త కడ్డీ అల్యూమినియందైతే వాసన తగ్గుతుంది. ఆ తర్వాత మంచినీళ్ళ ట్యాంకులో 15 గ్యాలన్లకి పావు కప్పు చొప్పున వాసన లేని మామూలు బ్లీచ్ కలిపి, అన్ని పంపుల్లోంచీ వదిలి, కొన్ని గంటలు ఉంచి, వాసన పోయేదాకా మంచినీళ్ళతో కడిగేయండి. కొన్ని గీజర్ల ట్యాంకే అల్యూమినియంతో చేస్తారు, వాటికి కడ్డీ ఉండదు, పెట్టకూడదు.

ట్యాంకు నిండకుండా గీజర్ కరెంటు స్విచ్ వెయ్యొద్దు. లోపలి కాయిల్ క్షణాల్లో కాలిపోతుంది.

పోపు పెట్టగానే అలారం

ఎండుమిర్చి ఘాటుకి పైకప్పు మీది పొగ అలారం మోగడం సహజం. కిటికీ తెరిచి ఫ్యాన్ వేయండి, అలారం బ్యాటరీ మాత్రం పీకేయకండి. నేల దగ్గర్లో బిగించిన అలారం వేరు, అది ప్రొపేన్‌ది. ప్రొపేన్ గాలికంటే బరువు కాబట్టి కిందనే పెడతారు. అది మోగితే పోపు మీదకి నెట్టేయకుండా అందర్నీ బయటికి తీసుకెళ్ళండి. ఆగి ఆగి కీచుమంటుంటే దాని కాలం తీరిపోయి ఉండొచ్చు, వెనక తేదీ ముద్రించి ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారానికీ ఇదే జాగ్రత్త.

హైవే మీద ట్రైలర్ తోక ఊపుతోంది

ఇక్కడ ప్రాణం మీదికి వచ్చే సమస్య ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలైతే సడన్ బ్రేక్ వెయ్యకూడదు, స్టీరింగ్‌తో దాన్ని వెంటాడకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్‌ని చేత్తో మెల్లగా నొక్కండి. అది ట్రైలర్‌ని వెనక్కి లాగి తిన్నగా చేస్తుంది. ఆ కంట్రోలర్ మీట ఎక్కడుందో చూడకుండానే చెయ్యి పడాలి. ఖాళీ పార్కింగ్ లాట్‌లో అలవాటు చేసుకోండి.

కారణం సాధారణంగా బరువు సర్దుబాటులో ఉంటుంది, గాలి దాన్ని బయటపెడుతుంది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద (ట్రైలర్‌ని లాగే బండికి తగిలించే చోట) పడాలి. 6000 పౌండ్ల ట్రైలరైతే 600 నుంచి 900. పూర్తికాలం ఉండేవాళ్ళ బండిలో సామాను నెలనెలా పెరుగుతుంది, అదీ వెనక వైపే. సోనా మసూరి బస్తాలు, పనిముట్లు, సైకిళ్ళు వెనక చేరితే ముందు తేలికైపోతుంది. నీళ్ళు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు. ట్యాంకు ఇరుసుల వెనక ఉన్న బండిలో 40 గ్యాలన్లు నింపితే దాదాపు 330 పౌండ్లు తోకకి కట్టినట్టే. ట్రక్ స్టాపుల్లో తూకం ఉంటుంది, నిండుగా సర్దాక ఒకసారి తూయించండి.

ఇక గాలి. ఈ మైదానాల్లో తెల్లవారుజామున తగ్గి ఉండి, ఎండ పెరిగేకొద్దీ పుంజుకోవడం మామూలు. పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నానికి ఆగిపోతే సగం టెన్షన్ తగ్గుతుంది. విండ్ అడ్వైజరీ (గాలి హెచ్చరిక) ఇచ్చిన రోజు కదలకపోవడమే తెలివి. వంతెన కిందినుంచీ, చెట్ల వరుస చాటునుంచీ బయటపడిన క్షణంలో గాలి ఒక్కసారిగా కొడుతుంది, లారీ దాటేటప్పుడూ అంతే. పడమరగా వయోమింగ్‌లోకి వెళ్తే ఐ-80 మీద లారమీ, రాలిన్స్ మధ్య ఎత్తైన తేలికపాటి వాహనాలకి దారి మూసేసే రోజులుంటాయి. రోడ్ల సమాచారం చెప్పే 511 నంబర్‌కి ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరండి.

టైర్లు కూడా చూడండి. చాలా ట్రైలర్ టైర్లకి వేగ పరిమితి ఉంటుంది, పాతవాటికి 65 మైళ్ళే. సౌత్ డకోటా ఐ-90 మీద బోర్డు 80 అంటుంది, అది కార్లకనుకోండి. టైరు పక్కన డాట్ నంబర్ చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. పైకి అరగకుండా బాగున్నా ఐదారేళ్ళకి మార్చేయాలి.

ఫోన్‌లో తుపాను హెచ్చరిక వచ్చింది, అది మనకేనా?

ఇక్కడ హెచ్చరికలన్నీ కౌంటీ పేర్లతో వస్తాయి. నెబ్రాస్కాలో 93 కౌంటీలు, కాన్సస్‌లో 105. రోజుకో ఊళ్ళో ఆగేవాళ్ళకి తామున్న కౌంటీ పేరే తెలియదు. ఏ ఊళ్ళో ఆగినా ఆ కౌంటీ పేరు, చుట్టుపక్కల వాటి పేర్లు కాగితం మీద రాసి తలుపు దగ్గర అంటించండి. వాచ్ అంటే రావడానికి అవకాశం ఉంది, వార్నింగ్ అంటే వచ్చేసింది. సిగ్నల్ లేని చోట్ల ఎన్‌ఓఏఏ (అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ) వెదర్ రేడియోనే దిక్కు. దానిలో కౌంటీ కోడ్ పెట్టుకుంటే అనవసరంగా మోగదు.

క్యాంప్‌గ్రౌండ్‌లో దిగగానే షెల్టర్ ఎక్కడో అడగండి. చాలాచోట్ల అది ఇటుకలు, కాంక్రీటుతో కట్టిన బాత్‌రూమ్ బ్లాకే. టోర్నడోకి ఆర్వీ ఏ మాత్రం రక్షణ కాదు. ఆనింగ్ (బయటి గుడ్డ పందిరి) మడవడం, స్లైడ్‌లు (బయటికి జరిపే గది భాగాలు) లోపలికి లాగడం మబ్బు పట్టినప్పుడే అయిపోవాలి, వార్నింగ్ వచ్చాక ఆ పనులు వదిలేసి వెళ్ళిపోవాలి.

వడగళ్ళ తర్వాత రోజుల తరబడి పైకప్పు కారుతోంది

అమెరికాలో రికార్డు సైజు వడగల్లు 2010 జూలై 23న సౌత్ డకోటాలోని వివియన్‌లో పడింది, 8 అంగుళాల వెడల్పు. గుడ్డు సైజువి చాలు మన ప్లాస్టిక్ వెంట్ మూతలు పగలడానికి. తడి మచ్చ కనబడిన చోటే చిల్లు ఉండదు. నీళ్ళు చెక్క వెంట పారి ఎక్కడో తేలతాయి. వెంట్‌లు, స్కైలైట్, యాంటెన్నా చుట్టూ ఉన్న సీలెంట్ చీలిందేమో చూసి, మీ పైకప్పు రబ్బరు రకానికి సరిపడే సీలెంట్ పూయండి. ఇంటి పైకప్పుకి వాడే తారు, సిలికాన్ వద్దు. ఇన్సూరెన్స్‌కి ఫొటోలు పూత వేయకముందే తీసుకోండి.

మట్టి రోడ్డు మీద చక్రాలు దిగబడ్డాయి

బ్యాడ్‌లాండ్స్ పక్కన బఫెలో గ్యాప్ నేషనల్ గ్రాస్‌లాండ్‌లో ఉచితంగా ఆగవచ్చు, పూర్తికాలం తిరిగేవాళ్ళకి ఇష్టమైన చోటు. అక్కడి మట్టిని స్థానికులు గంబో అంటారు. వాన పడితే మన నల్లరేగడి గుణమే, ఉబ్బి చక్రానికి చుట్టుకుంటుంది. దిగబడ్డాక ఇంజన్ రేజ్ చేస్తే ఇంకా లోతుకి పోతారు. ఎండే దాకా ఆగడమే చవకైన మందు. రెండు మూడు రోజుల నీళ్ళు, సరుకులు లేకుండా అలాంటి చోటికి వెళ్ళకండి.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ టకటకమంటోంది

పెట్రోల్ ఆక్టేన్ తక్కువైతే ఇలా మోగుతుంది. పడమటి సౌత్ డకోటా పంపుల్లో మామూలు పెట్రోల్‌లో చవకది 85 ఆక్టేన్. మీ బండి మాన్యువల్ 87 అడిగితే 87 కొట్టించండి. ఈ85 వేరు, ఎక్కువ ఇథనాల్ కలిపినది, అది ఫ్లెక్స్ ఫ్యూయల్ బండ్లకే. ఎరుపు రంగు డీజిల్ ట్రాక్టర్లది, రోడ్డు మీద వాడితే జరిమానా.

జూమ్ మీటింగ్ తెగిపోతోంది, లేదా గంట తేడా వస్తోంది

పెద్ద హైవే వదిలితే ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. చెట్లు లేని ఆకాశం కాబట్టి స్టార్‌లింక్ శాటిలైట్ ఇంటర్నెట్ బాగా పనిచేస్తుంది. గంట తేడాకి కారణం టైమ్ జోన్ గీత. ఈ నాలుగు రాష్ట్రాలనీ అది చీలుస్తుంది. నార్త్ ప్లాట్ సెంట్రల్ టైమ్, ఐ-80 మీద కాస్త పడమరకి వెళ్తే ఒగల్లాలా మౌంటెన్ టైమ్. మీటింగులకి లాప్‌టాప్ టైమ్ జోన్ ఆటోమేటిక్‌లో కాకుండా ఆఫీసుదే పెట్టుకోండి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి మాత్రం ఇది సిగ్నల్‌తో తీరే సమస్య కాదు. పనిచేసే చోటు వీసా పిటిషన్‌కి ముడిపడి ఉంటుంది, ముందు కంపెనీ లాయర్‌ని అడగండి.

పంట కోతల తర్వాత బండిలో ఎలుకలు

పొలం ఖాళీ కాగానే వెచ్చటి చోటు వెతుక్కుంటాయి. పైపులు లోపలికి వెళ్ళే చిల్లుల్లో స్టీల్ ఉన్ని కుక్కి మూసేయండి. పెంటికలు కనబడితే చీపురు పట్టొద్దు. డీర్ మౌస్ నుంచి హాంటావైరస్ దుమ్ముతో ఊపిరిలోకి వెళ్తుంది. గ్లౌజులు వేసుకుని, తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చి, బ్లీచ్ నీళ్ళు చల్లి 5 నిమిషాలు నాననిచ్చి తడిగుడ్డతోనే తుడవండి.

అక్టోబర్‌లో పొద్దున్నే పంపులో నీళ్ళు రావు

గొట్టం గడ్డకట్టింది. సాయంత్రమే ట్యాంకు నింపి, బయటి గొట్టం విప్పి నీళ్ళు కార్చి లోపల పెట్టి, రాత్రంతా బండి పంపు మీద నడిపించండి. సింక్ కింది అల్మరా తలుపులు తెరిచి ఉంచితే లోపలి వేడి పైపులకి తగులుతుంది. చాలా పార్కులు ఈ నెలలోనే నీళ్ళు కట్టేస్తాయి, కాబట్టి వెళ్ళే ముందు ఫోన్ చేసి అడగండి. అప్పటికే ఎక్కువమంది టెక్సస్ దారి పట్టి ఉంటారు.