గ్రిన్యార్ పాఠాలు – 3: రియాక్షన్ రాజుకోవడం

పోయిన పాఠంలో టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావణి) తడి పోవడానికి దాన్ని సోడియం, బెంజోఫినోన్‌తో మరిగించి, నీలం రంగు నిలిచాక డిస్టిల్ చేసుకున్నాం. ఈసారి అందులో ఫినైల్ మెగ్నీషియం బ్రోమైడ్ అనే గ్రిన్యార్ కారకం చేద్దాం. ఇంటర్ పుస్తకంలో గ్రిగ్నార్డ్ అని చదివాం గానీ, ఫ్రెంచివాళ్ళు గ్రిన్యార్ అంటారు.

1899లో లియాన్‌లో ఫిలిప్ బార్బియే మెగ్నీషియం, మిథైల్ అయోడైడ్, కీటోన్ మూడూ ఒకే ఫ్లాస్కులో వేసి చూశారు. పని జరిగింది కానీ నిలకడ లేదు. ఆయన శిష్యుడు విక్టర్ గ్రిన్యార్ 1900లో అదే పనిని రెండుగా విడగొట్టారు: ముందు ఈథర్‌లో మెగ్నీషియం కారకం, ఆ తర్వాతే కీటోన్. 1912 నోబెల్‌లో సగం ఆయనకు, సగం పాల్ సబాత్యేకు దక్కింది. మన పాఠం ఇవాళ ఆ రెండు పనుల్లో మొదటిదాని దగ్గరే, అంటే కారకం దగ్గరే, ఆగుతుంది.

మెగ్నీషియం టర్నింగ్స్ (సన్నటి లోహపు చెక్కులు) 1.34 గ్రాములు, బ్రోమోబెంజీన్ 7.85 గ్రాములు తూచండి. అంటే 55 మిల్లీమోల్స్‌కి 50. మెగ్నీషియం కొంచెం ఎక్కువే ఉండాలి. 250 మి.లీ. మూడు మూతుల ఆర్‌బీ (గుండ్రటి అడుగున్న ఫ్లాస్కు)లో టర్నింగ్స్ వేసి, నైట్రోజన్ కింద హీట్ గన్‌తో వేడిచేసి, చల్లారనివ్వండి. చల్లారాక ఒక అయోడిన్ పలుకు, 10 మి.లీ. టీహెచ్‌ఎఫ్. ఇంకో 40 మి.లీ. టీహెచ్‌ఎఫ్‌లో బ్రోమోబెంజీన్ కలిపి డ్రాపింగ్ ఫనెల్‌లో పోయండి. అందులోంచి 4 మి.లీ. మాత్రమే ఫ్లాస్కులోకి వదిలి, ఫనెల్ కట్టేయండి.

ఇక చేతులు కట్టుకుని చూడటమే. ఈ పాఠమంతా ఇక్కడే ఉంది.

టర్నింగ్స్ మీద ఆక్సైడ్ పొర ఉంటుంది. అది చిరిగే దాకా ఏమీ జరగదు. ఐదు నిమిషాలు పట్టొచ్చు, అరగంటా పట్టొచ్చు. మొదట అయోడిన్ గోధుమ రంగు వెలిసిపోతుంది. తర్వాత ఒకటి రెండు టర్నింగ్స్ అంచుల్లో సన్నటి బుడగలు లేస్తాయి. ద్రావణం కొంచెం మసకబారుతుంది. అప్పుడు వేలి వెనకవైపుతో ఫ్లాస్కు అడుగు తాకండి. వేడి తగలాలి, అదీ మీరు హీట్ గన్ పట్టకుండా.

ఈథర్‌తో చేసేవాళ్ళు ఇక్కడ మోసపోతారు. ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. హైదరాబాద్‌లో మే నెలలో ఏసీ ఆగిపోతే రియాక్షన్ లేకుండానే బుడగలొస్తాయి. నేను కొత్తగా చేరినవాళ్ళకు టీహెచ్‌ఎఫ్ ఇచ్చేది అందుకే. దాని మరుగు 66.

మొదలవలేదా? 1,2-డైబ్రోమోఈథేన్ నాలుగు చుక్కలు వేయండి. అది క్యాన్సర్ కారకం కాబట్టి గ్లౌజులు, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. అది మెగ్నీషియాన్ని కొరికి, ఇథిలీన్‌గా పైకి పోతుంది. మామిడికాయల్ని మగ్గబెట్టే వాయువు అదే. ఫ్లాస్కులో చెత్త మిగల్చదు, అందుకే నాకిష్టం.

చేయకూడనిది ఒక్కటే: మొదలవలేదని ఇంకా బ్రోమోబెంజీన్ పోయడం. పొయ్యి రాజుకోకముందే కిరసనాయిలు గుమ్మరించడం లాంటిది. నేను చేశాను. చేరిన రెండో వారం, సాయంత్రం బస్సు టైమ్ అయిపోతోందని టెన్షన్‌లో సగం ఫనెల్ దింపేశాను. పది నిమిషాలు నిశ్శబ్దం. తర్వాత ఒక్కసారిగా మరుగు లేచి, కండెన్సర్ పైదాకా నల్లటి నురగ ఎగదన్నింది. మా సీనియర్ అక్క నన్ను పక్కకి లాగి, ఐస్ బాత్ పైకెత్తి పట్టుకుంది. తిట్టలేదు. "బస్సు మళ్ళీ వస్తుందిరా" అంది. ఆ బ్యాచ్ పారబోశాం. అందుకే ఇది ఒంటరిగా ఎప్పుడూ చేయొద్దు. ఐస్ బాత్ పక్కన సిద్ధంగా ఉంచుకోండి, కానీ మొదలవకముందు పెట్టకండి. చల్లబడితే రియాక్షన్ ఆగి, పోసిందంతా పోగుపడుతుంది.

రాజుకున్నాక పని సులువు. మెల్లగా మరిగే వేగంతో అరగంటలో మిగతాది చుక్కలుగా వదలండి. తొందరపడితే బైఫినైల్ అనే అక్కర్లేని ఉప ఉత్పత్తి పెరుగుతుంది. అయ్యాక ఒక గంట రిఫ్లక్స్, అంటే ఆవిరి కండెన్సర్‌లో చల్లబడి తిరిగి ఫ్లాస్కులోకే పడేలా మరిగించడం. ద్రావణం బూడిద కలిసిన గోధుమ రంగులోకి వస్తుంది, అడుగున కాస్త మెగ్నీషియం మిగులుతుంది. సెప్టమ్ (రబ్బరు మూత) బిగించి, నైట్రోజన్ కింద ఉంచండి.

లెక్క ప్రకారం ఇది సుమారు 0.9 మోలార్. లేబుల్ మీద మాత్రం అది రాయకండి. అసలెంత ఉందో వచ్చే పాఠంలో అయోడిన్‌తో టైట్రేట్ చేసి చూద్దాం. ఈలోగా ఒక ప్రశ్న: బ్రోమోబెంజీన్ బదులు 4-బ్రోమోఫినాల్ తీసుకుంటే ఇదే పద్ధతి పనిచేయదు. ఆ ఫ్లాస్కులో కారకం కాస్త పుట్టిందనుకుంటే, అది ముందుగా ఎవరి మీద పడుతుంది?