తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ల చేత ఇంగ్లిష్‌లో సైన్స్ పేరా రాయించడం

ఇంటర్ దాకా తెలుగులో చదివిన విద్యార్థి డిగ్రీ మొదటి ఏడాదిలో అడుగుపెట్టగానే రికార్డు, అసైన్‌మెంటు, పరీక్షలో పెద్ద జవాబు, అన్నీ ఇంగ్లిష్‌లో రాయాల్సి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులు ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి కాబట్టి ఇది ఏ ఒకరిద్దరి ఇబ్బందో కాదు. గైడు కొని బట్టీ పట్టడం మొదలయ్యేది ఇక్కడే. విషయం తెలియక కాదు. అదే ప్రశ్న తెలుగులో అడిగితే గడగడా చెప్పేస్తారు. కాగితం మీద మాత్రం మూడు లైన్ల దగ్గర ఆగిపోతారు. అందుకే ఇంగ్లిష్ లెక్చరర్ ఒక్కరే కాక, కెమిస్ట్రీ, ఎకనామిక్స్ చెప్పేవాళ్లు కూడా చేయగలిగే పద్ధతి కావాలి. కింద చెప్పేది అరవై మంది ఉన్న తరగతికి సరిపోతుంది. వారానికి రెండు పీరియడ్లు చాలు.

ఏం రాయించాలి

వ్యాసం వద్దు. వారానికి ఒక్క పేరా, 120 నుంచి 150 మాటలు. అంతకంటే తక్కువైతే కారణం చెప్పే చోటు ఉండదు, ఎక్కువైతే గైడులోంచి ఎత్తి రాస్తారు.

ప్రశ్న అడిగే తీరులోనే సగం పని ఉంది. ‘ఫ్లోరైడ్ గురించి రాయండి’ అంటే వచ్చేది బట్టీ జవాబే. దానికి బదులు ఇలా అడగండి: ‘ఊళ్లో బోరు నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది. ఆ నీళ్లు తాగవచ్చా? నల్గొండ పద్ధతి అక్కడ ఎంతవరకు పనికొస్తుంది?’ ఇందులో ఒక అంకె ఉంది, తేల్చాల్సిన మాట ఉంది. దీనికి తోడు ఒకే ఒక్క పేజీ సమాచారం ఇవ్వండి: తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతి. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసేయడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడతారు. అడుగున మిగిలే మడ్డిలో ఫ్లోరైడ్, అల్యూమినియం ఉంటాయి కాబట్టి దాన్ని ఎక్కడపడితే అక్కడ పారబోయకూడదు. ఇంతే. మూడు పుస్తకాలు చూసి రమ్మంటే మూడింటి నుంచీ కాపీ చేస్తారు.

మొదట తెలుగులో, నోటితో

మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు ఆ పేజీ చదవనివ్వండి. తర్వాత పేజీ మూయించి, పక్కవాళ్లకు తెలుగులో చెప్పమనండి. విన్నవాళ్లు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి: ‘అయితే తాగవచ్చంటావా, వద్దంటావా?’ ఆ జవాబే పేరాలో మొదటి వాక్యం అవుతుంది. నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో నాలుగు పాయింట్లు తెలుగులోనే రాయించండి. ఇంగ్లిష్ రాసేది కుడి పేజీలో. ఈ ఇరవై నిమిషాల సేపు తరగతిలో తెలుగు వినపడుతోందని ఎవరైనా అభ్యంతరం చెప్పినా పట్టు వదలకండి. ఆలోచన కుదరకముందే ఇంగ్లిష్ రాయమంటే గుర్తున్న వాక్యాలను అతికిస్తారు.

పేజీ మూయించడం ముఖ్యం. తెరిచి ఉంటే మాటకు మాట మార్చి సొంతంగా రాశామనుకుంటారు. మూసి, తెలుగులో చెప్పి, ఆ తర్వాత రాస్తే వాక్యం వాళ్లదే అవుతుంది. రాశాక అంకెలు సరిచూసుకోవడానికి మాత్రం మళ్లీ తెరవవచ్చు. ఈ అలవాటు పై చదువుల్లోనూ కావాల్సిందే. సిద్ధాంత గ్రంథాల్లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే చర్య తప్పదని యూజీసీ 2018 నిబంధనలు చెబుతున్నాయి.

తప్పు ఎక్కడి నుంచి వస్తోంది

మొదటి డ్రాఫ్టుల్లో తరచూ కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: ‘ఇన్ అవర్ విలేజ్ వాటర్ ఈజ్ హావింగ్ మోర్ ఫ్లోరైడ్. బికాజ్ బోర్‌వెల్ వాటర్. సో దే ఆర్ యాడింగ్ ఆలమ్, మిక్సింగ్, ఫిల్టర్ ద వాటర్.’ ఎర్ర ఇంకుతో అంతా కొట్టేయడం తేలిక. కానీ ఇందులో ప్రతి తప్పుకూ వెనక ఒక తెలుగు వాక్యం ఉంది. దాన్ని చూపిస్తే విద్యార్థి మళ్లీ ఆ తప్పు చేసేటప్పుడు తనే ఆగుతాడు.

‘మోర్’ తీసుకోండి. తెలుగులో ‘ఎక్కువ’ అనే ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. దానికంటే ఎక్కువ అన్నా అదే, ఉండాల్సిన దానికన్నా మించి ఉందన్నా అదే. ఇంగ్లిష్‌లో ‘మోర్’ రాయగానే దేనికంటే అన్న ప్రశ్న వస్తుంది. కాబట్టి ‘మోర్’ రాసిన ప్రతిచోటా పక్కన అంకె గానీ, ‘దాన్’ గానీ ఉండాలని నియమం పెట్టండి. ‘మోర్ దాన్ 1.5 మిల్లీగ్రామ్స్ పర్ లీటర్’ అని రాయడం వ్యాకరణంతోపాటు సైన్సునూ చక్కబెడుతుంది.

‘బికాజ్’ సంగతీ అంతే. మనం ఒక మాట చెప్పి ఆగి, ‘ఎందుకంటే...’ అని కొత్త వాక్యం ఎత్తుకుంటాం. తెలుగులో అది సహజం. అదే అలవాటుతో ‘బికాజ్’ ముందు చుక్క పెడితే ఇంగ్లిష్‌లో సగం వాక్యమే మిగులుతుంది. ఆ చుక్క తీసేసి పైవాక్యానికి కలపమనడమే మందు. అయితే కలిపినా ఇక్కడ కారణం పూర్తికాలేదు. బోరు నీళ్లయితే ఏమిటి? రాతిలోని ఫ్లోరైడ్ భూగర్భజలంలో కరుగుతుందన్న మాట రావాలి. అది ఎడమ పేజీలో తెలుగులో ఉందేమో చూడండి. ఉంటే భాష ఇబ్బంది, లేకపోతే విషయం ఇబ్బంది. రెండింటికీ వైద్యం వేరు.

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ‘దే ఆర్ యాడింగ్’కి. తెలుగులో ‘సున్నం కలిపి, పటిక వేసి, తిప్పి, తేటపడనిచ్చి, వడగడతారు’ అంటాం. పనులు ఐదు, పూర్తి క్రియ ఒక్కటే, అదీ చివర్లో. చేసేదెవరో చెప్పనక్కర్లేదు. ‘పటిక వేయబడుతుంది’ అని ఏ ఇంట్లోనూ అనరు కాబట్టి కర్మణి వాక్యం వీళ్లకు చెవికి ఆనదు. అందుకే రికార్డులో ‘దే’ వచ్చి కూర్చుంటుంది, చదివేవాళ్లకు ఆ ‘దే’ ఎవరో అర్థం కాదు. ఇలా చేయించండి. ఆ తెలుగు వాక్యాన్ని బోర్డు మీద రాసి, ‘కలిపి’, ‘వేసి’ లాంటి ప్రతి మాట తర్వాత గీత గీయండి. ఒక్కో ముక్కకు ఒక్కో ఇంగ్లిష్ వాక్యం, ఆ వాక్యం మొదట్లో వస్తువు పేరు: ‘లైమ్ ఈజ్ యాడెడ్. ఆలమ్ ఈజ్ యాడెడ్. ద వాటర్ ఈజ్ స్టర్డ్.’ మొదట ఇలా పొట్టిగానే ఉండనివ్వండి, వికారంగా ఉన్నా పర్వాలేదు. రెండో విడతలో ‘దెన్’, ‘ఆఫ్టర్’ ఇచ్చి రెండేసి వాక్యాలు కలిపించండి. ముందే కలపమంటే మళ్లీ ‘యాడింగ్, మిక్సింగ్’ దగ్గరికే వస్తారు.

ఇంకొకటి. తెలుగులో ‘పళ్లు గారపట్టవచ్చు’ అని జాగ్రత్తగా చెప్పే విద్యార్థే ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ‘విల్ కాజ్’ అని తేల్చేస్తాడు. ‘-వచ్చు’ ఉన్నచోట ‘మే’ అని చెప్పండి, చాలు.

ఆర్టికల్స్ జోలికి మొదటి నెలలో వెళ్లకండి. తెలుగులో అవి లేవు, కుదరడానికి చాలాకాలం పడుతుంది, అవి తప్పినా అర్థం సాధారణంగా చెడదు.

దిద్దేటప్పుడు

ఒక్కో పేరాకు ఐదు నిమిషాలనుకున్నా అరవై మందికి ఐదు గంటలు. ప్రతి వారం అంత కుదరదు, మూడో వారానికే ఈ పని మూలనపడుతుంది. వారానికి పదిహేను మందివి మీరు చూడండి, నాలుగు వారాల్లో అందరివీ పూర్తవుతాయి. మిగతావాళ్లు నలుగురేసి జట్లుగా ఒకరిది ఒకరు చూసుకోవాలి. వాళ్లను వ్యాకరణం దిద్దనివ్వకండి, ఒప్పును కూడా తప్పు చేస్తారు. రెండే పనులు చెప్పండి: ప్రశ్నకు జవాబు చెప్పిన వాక్యం కింద గీత గీయాలి, అర్థం కాని చోట ప్రశ్నార్థకం పెట్టాలి.

మీరు దిద్దేటప్పుడు కూడా ఒక్కో పేరాలో రెండు రకాల తప్పులకు మించి గుర్తించవద్దు. సరైన రూపం రాసివ్వకుండా పక్కన అక్షరం పెట్టండి: ఆధారం లేకపోతే ‘ఆ’, వాక్యం విరగ్గొట్టాలంటే ‘వి’, చేసేదెవరో తెలియకపోతే ‘ఎ’. మొత్తం దిద్ది ఇస్తే మార్కు చూసి మూసేస్తారు.

రెండో పీరియడ్ అంతా తిరగరాయడానికే. పది మార్కుల్లో మొదటి డ్రాఫ్టుకు 2, తిరగరాసినదానికి 5, ఏం మార్చారో ఎందుకు మార్చారో రెండు వాక్యాల్లో చెప్పినందుకు 3 ఇవ్వండి. ఆ రెండు వాక్యాలు తెలుగులో ఉన్నా ఒప్పుకోండి. మార్కులన్నీ మొదటి డ్రాఫ్టుకే ఉంటే తిరగరాయడం దండగ అనుకుంటారు.

ఫోన్‌లో అనువాదం చేసుకుని వస్తే

వస్తారు. నిషేధిస్తే దాచిపెట్టి చేస్తారు. ఎడమ పేజీలో తెలుగు పాయింట్లు చేత్తో రాసి లేకపోతే కుడి పేజీకి మార్కు లేదని ముందే చెప్పండి. అనుమానం వస్తే ఒక వాక్యం చూపించి, ఇదేమిటో తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే ఆ వాక్యం ఉండనివ్వండి. చెప్పలేకపోతే కొట్టేసి, తను చెప్పగలిగినంత మేర పొట్టి వాక్యంతో రాయించండి. ఒక మాటకు ఇంగ్లిష్ మాట వెతకడానికి ఫోన్ వాడితే తప్పులేదు. పేరా మొత్తం అందులో పెట్టినప్పుడే చిక్కు. ‘మడ్డి’ అన్న మాట సందర్భాన్ని బట్టి మారిపోతుంది. నూనె అడుగుది వేరు, నీటిశుద్ధిలో మిగిలేది వేరు. కెమిస్ట్రీలో కావాల్సిన ‘స్లడ్జ్’ అన్న మాట పిల్లలకు మీరే ముందు ఇవ్వాలి. ఇలాంటి మాటలు వారానికి ఆరింటికి మించకుండా, పేజీ ఇచ్చిన రోజునే బోర్డు మీద ఒక మూల రాసి, రెండో పీరియడ్ అయ్యేదాకా చెరపకండి.